విశాఖ డాక్టర్లకి, ల్యాబుల వాళ్ళకి, ఆరోగ్య శాఖ వారికి: కొలెస్ట్రాల్ మాత్ర రాసే ముందు మాతో ఒక్క ఐదు నిమిషాలు మాట్లాడండి

గౌరవనీయులైన విశాఖపట్నం డాక్టర్లకి, హెల్త్ చెకప్ ప్యాకేజీలు నడిపే ల్యాబుల వాళ్ళకి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులకి నమస్కారం.

కోవిడ్ టైములో మీరు ఈ ఊరికి చేసింది మా ఇంట్లో ఎవరం మర్చిపోలేదు. ఆ గౌరవంతోనే రాస్తున్నా. కాకపోతే ఇదే విషయం మీద ఇప్పటికే రెండు ఉత్తరాలు రాశాను, ఒకటి మా అమ్మని చూసిన ఆస్పత్రికి 2024 నవంబర్‌లో, ఇంకోటి ఆ పై ఆఫీసుకి 2025 ఫిబ్రవరిలో, రెంటికీ రసీదులు ఉన్నాయి, జవాబు మాత్రం ఒక్క లైను కూడా రాలేదు. ఫోన్ చేస్తే "ఫార్వర్డ్ చేసీసాం సార్" అంటారు, ఎవరికి అంటే తెలీదు. అందుకని అందరూ చదివేలా రాస్తున్నా.

మాది మురళీనగర్. మా అమ్మకి 68 ఏళ్ళు. బీపీ లేదు, షుగర్ లేదు, గుండె జబ్బు లేదు. సింహాచలం గిరి ప్రదక్షిణ 22 ఏళ్ళుగా, కోవిడ్‌కి ఆపేసినప్పుడు తప్ప, తనంతట తాను ఒక్క ఏడు కూడా మానలేదు, 32 కిలోమీటర్లు, కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలెడితే తెల్లారేసరికి మళ్ళీ అక్కడికి వచ్చేసేది, మేమే వెనకబడిపోయేవాళ్ళం. 2024 జనవరిలో నేనే, తప్పు నాదే, పండగ ఆఫర్ అని ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ బుక్ చేశాను. రిపోర్టులో ఎల్‌డిఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, 164 అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. ప్యాకేజీతో పాటు ఫ్రీ కన్సల్టేషన్ ఉంది. లోపల మేం కూర్చుంది నాలుగు నిమిషాలు కూడా ఉండదు. డాక్టర్ గారు రిపోర్టు చూశారు, అమ్మ మొహం చూడలేదు, రోసువాస్టాటిన్ 20 ఎంజి రాత్రి ఒకటి అని రాసీసారు, కొలెస్ట్రాల్ తగ్గించడానికి ఇచ్చే స్టాటిన్ మందుల్లో అదొకటి. ఎన్నాళ్ళు వాడాలండీ అని అడిగితే "లైఫ్ లాంగ్" అన్నారు. ఇంకేమైనా అడుగుదాం అనుకునేలోపు తర్వాతి టోకెన్ పిలిచారు.

ఏప్రిల్ కల్లా అమ్మకి తొడలు పీకడం మొదలైంది. అమ్మ కింద పీట వేసుకుని కూర్చుని కూరలు తరుగుతుంది, అలవాటు. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి తరిగిన బెండకాయలు ముందు పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. లైటు వెయ్యలేదు. "లేవలేకపోయాను రా, గంట పైనే అయింది, ఎవర్నీ పిలవబుద్ధి కాలేదు" అంది. రెండు చేతులూ పట్టుకుని లేపాను. మళ్ళీ డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే వయసు అన్నారు, కాల్షియం, నొప్పుల మాత్ర, గ్యాస్ మాత్ర మూడూ కలిపారు. ఈ మాత్ర వల్ల ఏమైనా అవుతుందా అని నేను అడిగాను, గూగుల్ చూడకండి అన్నారు. ఆ జూలైలో ఆషాఢ పౌర్ణమికి, గిరి ప్రదక్షిణకి, అమ్మ నడవలేదు. ఆటోలో ప్రదక్షిణ దారిలో ఉన్న హనుమంతవాక దాకా తీసుకెళ్ళాం, రోడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నడిచేవాళ్ళకి మజ్జిగ గ్లాసులు అందించింది. నవ్వుతూనే అందించింది గానీ ఇంటికొచ్చాక అన్నం తినలేదు.

సెప్టెంబర్‌లో మా బావ బలవంతం మీద ఇంకో డాక్టర్ గారికి చూపించాం. ఆవిడ చేసింది పెద్దదేం కాదు. చెప్పులు విప్పించి అమ్మ పాదాలు చూశారు, గొంతు బొంగురుపోయిందా, చలెక్కువ వేస్తోందా, మలబద్ధకం ఉందా అని అడిగారు, కండరాలు దెబ్బతిన్నాయా చూసే సికె, థైరాయిడ్ చూసే టిఎస్‌హెచ్ అని రెండు రక్త పరీక్షలు రాశారు. రెండొందల లోపు ఉండాల్సిన సికె 1100 వచ్చింది. టిఎస్‌హెచ్ 38. ఆ అంకె అంత ఎక్కువ వచ్చిందంటే అమ్మకి థైరాయిడ్ బాగా తక్కువ అని. థైరాయిడ్ తక్కువైతే కొలెస్ట్రాల్ దానంతట అదే పెరుగుతుంది, థైరాయిడ్ తక్కువ ఉన్న మనిషికి స్టాటిన్ ఇస్తే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదంట, మెడిసిన్ చదివే పిల్లలకి చెప్పే పాఠమేనంట. ఆవిడ స్టాటిన్ ఆపి, థైరాయిడ్ మాత్ర మొదలెట్టారు. రెండు నెలల్లో నొప్పులు తగ్గాయి, జనవరికి ఎల్‌డిఎల్ 118, స్టాటిన్ లేకుండానే. మేం కొన్న ప్యాకేజీలో అరవై పైచిలుకు టెస్టులు ఉన్నాయి, టిఎస్‌హెచ్ మాత్రం "యాడ్ ఆన్".

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఈ లేఖ సగం చదివి ఎవరూ మాత్రలు పారెయ్యకూడదు కాబట్టి. హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్ళు, స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, బైపాస్ అయినవాళ్ళు, మెదడులో క్లాట్ వల్ల పక్షవాతం వచ్చినవాళ్ళు స్టాటిన్ మానకండి. వాళ్ళ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. 1994లో వచ్చిన ఫోర్ ఎస్ అనే స్కాండినేవియా స్టడీలో గుండె జబ్బు ఉన్న 4444 మందిని ఐదేళ్ళ పైన చూశారు, ఉత్తుత్తి మాత్ర, అంటే మందు లేని మాత్ర, వేసుకున్నవాళ్ళలో నూటికి 11.5 మంది చనిపోతే సింవాస్టాటిన్ అనే స్టాటిన్ వేసుకున్నవాళ్ళలో 8.2 మంది చనిపోయారు. నూటికి మూడు ప్రాణాల పైనే, అది చిన్న సంగతా? షుగర్ ఉన్నవాళ్ళకి, ఎల్‌డిఎల్ 190 దాటినవాళ్ళకి, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోట్లు ఉన్నవాళ్ళకి కూడా లెక్క వేరు. మా వీధిలోనే స్టెంట్ ఉన్న ఒకాయన, నేను అన్నయ్యా అని పిలుస్తాను, వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూసి మాత్ర మానేసి వెల్లుల్లి తేనె మొదలుపెట్టాడు, ఏడాది తిరక్కుండా మళ్ళీ ఐసీయూలో పడ్డాడు. మాత్ర మానడం వల్లేనా అంటే నేను డాక్టర్ని కాదు, చెప్పలేను. కానీ ఆయన ఆ వీడియో ఎందుకు నమ్మాడో మాత్రం నాకు తెలుసు, ఆ వీడియోలో ఎవరో ఆయనకి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి చెప్పినట్టు చెప్పారు, మీలో ఎవరూ అంతసేపు చెప్పలేదు.

నా అనుమానమంతా గుండె జబ్బు లేని, రిస్క్ తక్కువ ఉన్న మామూలు మనుషులకి ఒక్క రిపోర్టు చూసి జన్మంతా మాత్ర రాసెయ్యడం మీదే. దాని వల్ల మాలాంటి వాళ్ళకి ఏమవుతోందో, మీరేం చెయ్యాలో వరసగా రాస్తున్నా.

1. లాభం ఎంతో మాకు చెప్పట్లేదు. "రిస్క్ మూడో వంతు తగ్గుతుంది" అంటారు. మూడో వంతు అంటే మాకు వినపడేది నూటికి ముప్ఫై మూడు మంది బతుకుతారని. 2003లో వచ్చిన ఆస్కాట్ స్టడీ తీసుకోండి, బీపీ ఉండి, దానికి తోడు ఇంకో మూడు రిస్కులైనా ఉన్న పదివేల మంది. మూడేళ్ళ పైన చూస్తే గుండెపోటు, గుండె జబ్బు మరణాలు కలిపి ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో నూటికి 3, అటోర్వాస్టాటిన్ వాళ్ళలో నూటికి 1.9. మూడు నుంచి రెండుకి తగ్గింది, అమెరికాలో ఆ మందు ప్రకటనల్లో మాత్రం 36 శాతం అని పెద్ద అక్షరాల్లో వేశారు. రెండు లెక్కలూ నిజమే. కానీ మొదటిది వింటే మా అమ్మ తనకి కావాలో వద్దో ఆలోచించుకోగలదు, రెండోది వింటే భయపడుతుంది అంతే. నూరు మందిలో ఒకరికి మేలంటే నాకొద్దు అనేవాళ్ళు ఉంటారు, ఆ ఒక్కరు నేనే కావొచ్చు కదా అని వేసుకునేవాళ్ళు ఉంటారు, ఇద్దరిదీ న్యాయమే, కానీ ఆ నిర్ణయం మమ్మల్ని చేసుకోనివ్వండి. అందుకని గుండె జబ్బు లేనివాళ్ళకి ఈ మాత్ర రాసేముందు పదేళ్ళ రిస్క్, అంటే వచ్చే పదేళ్ళలో గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం, లెక్కగట్టి, "మీలాంటి వాళ్ళు వంద మంది ఉంటే" అని తెలుగులో చెప్పండి, ప్రిస్క్రిప్షన్ మీద ఆ అంకె వెయ్యండి.

2. మనవాళ్ళకి గుండెపోటు త్వరగా వస్తుంది కదా అని మీరు అంటారు, ఒప్పుకుంటా. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ స్టడీలో దక్షిణాసియా వాళ్ళకి మొదటి ఎటాక్ సగటున 53 ఏళ్ళకి, మిగతావాళ్ళకి దాదాపు 59కి అని తేలింది. అందుకే బ్రిటన్‌లో ఈ పదేళ్ళ రిస్క్ కట్టడానికి వాడే క్యూరిస్క్ లెక్కలో ఇండియన్ అని ప్రత్యేకంగా ఒక గడి ఉంది. అక్కడ మనవాళ్ళ కోసం అంత లెక్క కడుతుంటే ఇక్కడ మన ఊళ్ళో ఒక్క ఎల్‌డిఎల్ చూసి రాసేస్తే ఎలా? వయసు, సిగరెట్, బీపీ, షుగర్, ఇంటి చరిత్ర, ఇవి అడగడానికి రెండు నిమిషాలు చాలు. 75 దాటినవాళ్ళ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ అనే నిపుణుల బృందం 2022లో 40 నుంచి 75 ఏళ్ళ మధ్య, షుగరో బీపీయో సిగరెట్టో లాంటి రిస్క్ కనీసం ఒకటి ఉండి, పదేళ్ళ రిస్క్ 10 శాతం గానీ ఆపైన గానీ ఉన్నవాళ్ళకి ఇవ్వమంది, 76 గానీ ఆపైన గానీ ఉండి గుండె జబ్బు లేనివాళ్ళకి కొత్తగా మొదలుపెట్టాలో లేదో చెప్పడానికి ఆధారాలు చాలవంది. మా ఎదురింటి మామ్మగారికి 81, పోయినేడే మొదలెట్టారు.

3. డోసు. రోసువాస్టాటిన్ ఆసియా వాళ్ళ రక్తంలో ఎక్కువ మోతాదులో నిలుస్తుంది, అందుకని 5 ఎంజితో మొదలుపెట్టమని అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డిఎ ఆమోదించిన లేబుల్ మీదే ఉంది. మా అమ్మకి మొదటి రోజే 20. ఎందుకు 20 అని మేం అడిగితే చెప్పే ఓపిక ఉండాలి కదండీ.

4. నొప్పి అంటే నమ్మరు. దీనికి నేను నిజాయితీగా రెండు వైపులా చెప్పాలి. 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ ప్రకారం స్టాటిన్ వేసుకున్నవాళ్ళలో నూటికి 27.1 మందికి, ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 26.6 మందికి కండరాల నొప్పులో నీరసమో వచ్చాయి, అంటే చాలామంది నొప్పులకి మాత్ర కారణం కాదు. మొదటి ఏడాదిలో వెయ్యికి 11 మందికి అదనంగా వచ్చాయి. 2020లో శామ్సన్ అని 60 మందితో చేసిన స్టడీలో అయితే, నొప్పులని మాత్ర మానేసినవాళ్ళకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చినా దాదాపు అవే బాధలు వచ్చాయి. ఆ సంగతి వాళ్ళకి చూపించి చెప్పాక సగం మంది మళ్ళీ మాత్ర మొదలెట్టారు. గమనించండి, కూర్చోబెట్టి చూపించాక మొదలెట్టారు, కసిరితే కాదు. ఇక ఆ పదకొండు మందిలో మా అమ్మలాంటిది ఉంటే? సికె చెయ్యండి, థైరాయిడ్ చూడండి, కొన్ని వారాలు ఆపి చూడండి, తగ్గితే తక్కువ డోసో వేరే స్టాటినో ఇచ్చి చూడండి. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే వెంటనే రమ్మని మొదటి రోజే చెప్పండి. ఇది అరుదే, కానీ కండరాలు కరిగి కిడ్నీలు పాడయ్యే జబ్బది, 2001లో సెరివాస్టాటిన్ అనే మందుని ప్రపంచమంతా మార్కెట్లోంచి తీసెయ్యాల్సి వచ్చింది దీనివల్లే. వయసు అనే మాట పరీక్షలన్నీ అయ్యాక ఆఖర్న అనండి.

5. షుగర్ సంగతి ఎవరూ ఎత్తరు. 2008 జూపిటర్ స్టడీలో రోసువాస్టాటిన్ వాళ్ళలో నూటికి 3 మందికి, మిగతావాళ్ళలో 2.4 మందికి కొత్తగా షుగర్ వచ్చింది. 2012లో ఎఫ్‌డిఎ ఈ హెచ్చరికని లేబుల్ మీదకి తెచ్చింది. అదే స్టడీలో గుండెపోట్లు, స్ట్రోకులు తగ్గాయి కూడా, కాబట్టి చాలామందికి లాభమే ఎక్కువ కావొచ్చు. చెప్పండి మరి. బోర్డర్‌లో ఉన్నవాళ్ళకి మూడు నెలలకోసారి షుగర్ చూడమని ఒక ముక్క రాయండి.

6. ల్యాబుల వాళ్ళకి. ఎల్‌డిఎల్ 100 దాటితే చాలు ఎర్ర రంగు, పక్కన బాణం గుర్తు, కింద గుండె బొమ్మ. గాజువాకలో వెల్డింగ్ పని చేసుకునే మనిషి ఆ కాగితం పట్టుకుని రాత్రంతా నిద్రపోడు, పొద్దున్నే ఒక రోజు కూలి మానుకుని ఆస్పత్రికి వెళ్తాడు. "ఈ అంకె ఒక్కటి చూసి మందు అవసరమో కాదో తేలదు" అని తెలుగులో ఒక లైను రిపోర్టు మీద వెయ్యండి. కొలెస్ట్రాల్ ఎక్కువ వచ్చినవాళ్ళకి టిఎస్‌హెచ్‌ని యాడ్ ఆన్ కింద కాకుండా ప్యాకేజీలోనే పెట్టండి.

7. మందుల షాపుల వాళ్ళ మీద ఆరోగ్య శాఖ వారు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు దృష్టి పెట్టాలి. స్టాటిన్ షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా ఇవ్వకూడదు. మేం ఖాళీ స్ట్రిప్ చూపిస్తే ఎనిమిది నెలలు ఇచ్చారు, ఒక్కరు కూడా చీటీ అడగలేదు. డాక్టర్లు కూడా "లైఫ్ లాంగ్" అని వదిలెయ్యకుండా మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ వెయ్యండి, మూడు నెలలకి పనిచేసిందా లేదా చూడండి. మందు పేరు జెనరిక్‌లో, అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో 2016లోనే చేర్చారు. మా అమ్మ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది, అందులో 20 తప్ప ఇంకేదీ చదవలేం.

8. మందు వల్ల ఇబ్బంది వస్తే అది ఎక్కడో ఒకచోట నమోదవ్వాలి. కేంద్రం నడిపే ఫార్మకో విజిలెన్స్ ప్రోగ్రాం ఉంది, టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024, డాక్టర్లే కాదు పేషెంట్లు కూడా చెప్పొచ్చు. ఈ సంగతి నాకు అమ్మకి తగ్గాక తెలిసింది. ఈ నంబర్ ప్రతి ఓపీ గోడ మీద, ప్రతి మందుల షాపులో తెలుగులో ఉండాలి. దీనికి ఖర్చు ఒక ఫ్లెక్సీ అంత.

డాక్టర్ గార్లూ, మీ మీద ఉన్న ఒత్తిడి నాకు తెలుసు. ఒక్క పూటకి ఎనభై మందిని చూసే మనిషి ఒక్కొక్కరికి అరగంట ఇవ్వలేరు. నేను అడుగుతోంది అరగంట కాదు, ఐదు నిమిషాలు, అదీ మొదటిసారి మాత్ర రాసే రోజు మాత్రమే. మీకు టైం లేకపోతే ఒక నర్సుకి నేర్పించండి, తెలుగులో ఒక పేజీ కాగితం తయారుచెయ్యండి. ఎందుకంటే ఈ మాత్ర జ్వరం మాత్ర లాంటిది కాదు, మూడు రోజులు వేసుకుని మానేసేది కాదు, ముప్ఫై ఏళ్ళు రోజూ రాత్రి ఒక మనిషి ఒంట్లోకి వెళ్ళేది. పేషెంటుకి లాభనష్టాలు, వేరే దారులు అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లోనే ఒక కేసులో చెప్పింది. అది ఆపరేషన్ కేసు, నిజమే, కానీ జన్మంతా వేసుకోమనే మందుకి ఆ న్యాయం ఎందుకు వర్తించకూడదో నాకు అర్థం కావట్లేదు.

నడక గురించి కూడా ఒక మాట. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద వేల మంది నడుస్తారు. మా అమ్మకి ఉన్న మంచి మందు ఆ నడకే, అదే పోయింది ఈ మాత్రతో. రిస్క్ తక్కువ ఉన్న మనిషికి మూడు నెలలు తిండి మార్చి, నడిపించి, నూనె తగ్గించి, సిగరెట్ మాన్పించి, మళ్ళీ ఒకసారి టెస్ట్ చేసి అప్పుడు మాట్లాడుకుందాం అని అనొచ్చు కదా.

నేను అడుగుతున్నవి ఇవి. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ వారు డాక్టర్ల సంఘాల్ని, ల్యాబుల్ని, మందుల షాపుల వాళ్ళని ఒక్కసారి కూర్చోబెట్టి, పైన రాసినవాటిలో ఏవి చేస్తారో, ఏవి చెయ్యలేరో, ఎందుకు చెయ్యలేరో రాతపూర్వకంగా చెప్పాలి. నెల రోజులు ఎదురుచూస్తాను. మా అమ్మ రిపోర్టులన్నీ, రెండు ఉత్తరాల రసీదులు ఒక ఫైల్లో పెట్టి ఉంచాను, ఎవరు అడిగినా చూపిస్తాను. నేను రాసిన లెక్కల్లో తప్పుంటే చెప్పండి, సరిదిద్దుకుంటాను. నష్టపరిహారం అడగట్లేదు, ఎవరి పేరూ బయటపెట్టట్లేదు.

చదివే జనానికి, మీరు స్టాటిన్ వేసుకుంటుంటే ఈ లేఖ చూసి ఆపకండి. చీటీ పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, మూడు ప్రశ్నలు అడగండి, నా పదేళ్ళ రిస్క్ ఎంత, ఈ మాత్ర వేసుకుంటే ఎంతకి తగ్గుతుంది, నా థైరాయిడ్ చూశారా అని.

మొన్న ఆషాఢ పౌర్ణమికి అమ్మ మళ్ళీ బయల్దేరింది. మొత్తం కాదు, హనుమంతవాక నుంచి వెంకోజీపాలెం దాకా నడిచింది, అక్కడ ఆటో ఎక్కించాం. వచ్చే ఏడు తొలిపావంచా నుంచే అంటోంది.

ఇట్లు,
ఒక కొడుకు,
మురళీనగర్, విశాఖపట్నం